ఒక్క మెతుకు చాలదు: హోటళ్లు, బేకరీలు, మీల్ కిట్ల గురించి పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఉద్యోగరీత్యా ఊరు మారాను. ఇంటి చుట్టుపక్కల పదిహేను, ఇరవై హోటళ్లు ఉన్నాయి. అన్నింటినీ ఒకసారి రుచి చూసి, మా ఇంటిల్లిపాదికీ నచ్చే రెండు మూడింటిని ఎంచుకోవాలని ఉంది. వెళ్లిన ప్రతిచోటా ఆ హోటల్‌కు పేరు తెచ్చిన వంటకమే తెప్పించుకుంటున్నాను. అయినా రెండోసారి వెళ్లేసరికి మొదటి అభిప్రాయం తలకిందులవుతోంది. లోపం నా నాలుకలో ఉందా, వాళ్ల వంటలో ఉందా?
– కొత్త ఊళ్లో ఒక ఉద్యోగిని

జవాబు: లోపం రెండింటిలోనూ లేకపోవచ్చు. రుచి చూసే పద్ధతిని మాత్రం మీరు కొంచెం మార్చుకోవాలి. అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని అంటాం. ఒకే పొయ్యి మీద, ఒకే నీళ్లలో ఉడికిన అన్నానికి ఆ మాట నిజమే కానీ, హోటల్ వంటగదికి అది వర్తించదు. అక్కడ పగలు వండేవారు వేరు, రాత్రి వండేవారు వేరు. కూరగాయలూ చేపలూ దిగిన రోజు రుచి ఒకలా ఉంటుంది, మూడో రోజు రుచి మరోలా ఉంటుంది. జనం కిక్కిరిసిన వేళ పెనం నిండా ముక్కలు వేసేస్తారు. దాంతో పెనం వేడి ఒక్కసారిగా పడిపోయి, వేగవలసిన ముక్క నీరూరి ఉడికిపోతుంది. జనం పలచగా ఉన్న వేళ ఇంకో ఇబ్బంది ఉంది. ఎప్పుడో చేసిపెట్టిన సాస్ సన్నని సెగ మీద అలాగే ఉండి, నీరు ఇగిరి, ఉప్పు తేలుతుంది. అందువల్ల ఒక చోటును కనీసం రెండుసార్లు, వీలైతే మూడుసార్లు చూడండి. ఒకసారి రద్దీ వేళకు, ఒకసారి తీరిక వేళకు వెళ్లండి.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. 1957లో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ఆహార విభాగం సంపాదకత్వం చేపట్టిన క్రెయిగ్ క్లెయిబోర్న్ ఒకే హోటల్‌కు పలుమార్లు వెళ్లడం, బిల్లు పత్రికే కట్టడం, హోటల్ వారి నుంచి ఏదీ ఉచితంగా పుచ్చుకోకపోవడం అనే నియమాలను పాటించాడు. 1963లో ఆ పత్రికలో మొదలైన, హోటళ్లకు నక్షత్రాలు ఇచ్చే లెక్క కూడా ఆ నియమాల మీద నిలబడ్డదే. మనం పత్రికకు రాయకపోయినా, ఇంట్లో వాళ్లను నమ్మకంగా ఒక చోటికి తీసుకువెళ్లాలనుకుంటున్నాం కాబట్టి ఆ పాటి శ్రద్ధ మనకూ అవసరమే.

ఇక ఏమి తెప్పించుకోవాలన్నది. పేరున్న వంటకం తప్పకుండా తినండి, కానీ దానితోనే మొదలుపెట్టవద్దు. చాలా హోటళ్లలో ఆ ఒక్క వంటకాన్నీ చెయ్యి తిరిగినవారే చేస్తారు, దానికి సరుకు కూడా ప్రత్యేకంగా తెస్తారు. మొదటిసారి వెళ్లినప్పుడు మసాలాల మాటున, జున్ను మాటున దాక్కోలేని సాదా పదార్థం ఒకటి అడగండి. కూరగాయల సూప్ కావచ్చు, ఉత్త అన్నం కావచ్చు, ఆమ్లెట్ కావచ్చు. ఆమ్లెట్‌నే తీసుకుందాం. పళ్లెం మీ ముందు పెట్టగానే దాని అంచు చూడండి. అంచు మాడి ముదురు గోధుమరంగుకు తిరిగి, మధ్య భాగం తడితడిగా ఉంటే పెనం మితిమీరి కాలిందన్నమాట. మడత విప్పితే పళ్లెంలోకి నీరు కారుతుంటే, గుడ్డు అవసరానికి మించి ఉడికి బిగుసుకుని తనలోని నీటిని వదిలేసిందన్నమాట. పైన లేత పసుపు, లోపల వణికీ వణకనంత మెత్తదనం, నోట్లో వేసుకోగానే మొదట వెన్న, ఆ తర్వాత గుడ్డు, చివర ఉప్పు తెలిస్తే, ఆ వంటగదిలో పొయ్యి దగ్గర నిలబడి కనిపెట్టుకుని చూసే మనిషి ఉన్నాడని నమ్మవచ్చు. రెండు నిమిషాల పనిలో ఇంత జాగ్రత్త చూపినవారు మిగిలిన వంటల్లోనూ చూపుతారని నా అనుభవం.

ఆకలి రుచి ఎరుగదన్న మాట ఇక్కడ గుర్తు పెట్టుకోవలసిందే. మధ్యాహ్నం భోజనం మానేసి రాత్రి హోటల్‌కు వెళితే మొదటి పది ముద్దలూ అమృతంలా ఉంటాయి. ఆ ముద్దల మీద మీరు ఏర్పరచుకున్న అభిప్రాయం వంట గురించి ఏమీ చెప్పదు. కొంచెం ఆకలితో వెళ్లండి, కరువు తీర్చుకోవడానికి వెళ్లవద్దు. అలాగే చెవులు గింగుర్లెత్తే సంగీతం నడిచే చోట రుచి గురించి తొందరపడి తీర్పు చెప్పవద్దు. విమానంలో ఉండేంతటి హోరులో తీపి తక్కువగా తెలుస్తుందని, మాంసరసాన్ని తలపించే ఉమామీ రుచి మాత్రం మరింత గాఢంగా తెలుస్తుందని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ప్రచురించారు. ఆ హోటల్ వంటనే పార్సిల్ తెచ్చుకుని నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో తిన్నప్పుడు వేరుగా అనిపించడానికి అది కూడా ఒక కారణం కావచ్చు.

ముగ్గురు నలుగురు కలిసి వెళితే ఎక్కువ వంటకాలు రుచి చూడవచ్చు. అయితే మొదట నోరు విప్పినవారి మాట మిగిలినవారి నాలుకను నడిపిస్తుంది కాబట్టి, అందరూ తిన్నాక ఎవరికి వారు రెండు మాటలు రాసుకుని, ఆ తర్వాతే మాట్లాడుకోండి.

ప్రశ్న: నాలుగైదు వంటకాలు వరుసగా రుచి చూసేసరికి అన్నీ ఒకేలా అనిపిస్తాయి. కారం తగిలితే ఇక ఆ పూటకు నాలుక పనిచేయదు. నీళ్లు తాగినా లాభం ఉండటం లేదు. తీపి నాలుక కొసకు, చేదు వెనకకు తెలుస్తాయని చదివాను. కొంచెం కొంచెం నాలుక కొసతో మాత్రమే రుచి చూస్తే సరిపోతుందా?
– రుచి తెలియక తికమక పడుతున్న పాఠకుడు

జవాబు: నాలుక కొసకు ఒక రుచి, వెనకకు ఒక రుచి అనే పటం పొరపాటు. 1901లో డేవిడ్ హేనిగ్ అనే జర్మన్ పరిశోధకుడు నాలుక మీద ఒక్కో చోట ఒక్కో రుచి పట్ల సున్నితత్వం కొద్దిగా మారుతుందని మాత్రమే చూపించాడు. 1942లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్విన్ బోరింగ్ తన పుస్తకంలో ఆ ఫలితాన్ని వివరించిన తీరు వల్ల ఆ చిన్న తేడా పెద్ద సరిహద్దుగా మారి, పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. నిజానికి రుచిమొగ్గలున్న ప్రతిచోటా అన్ని రుచులూ తెలుస్తాయి. అందువల్ల కొసతో నాకి చూడటం వల్ల ప్రయోజనం లేదు. నోరంతా తిరిగేలా ఒక చిన్న ముద్ద నమిలి, మింగుతూ ముక్కుతో గాలి వదలండి. మనం రుచి అనుకునే దానిలో పెద్ద భాగం వాసనే. నోటి వెనక దారి గుండా అది ముక్కుకు చేరుతుంది. ముక్కు గట్టిగా మూసుకుని ఒక పుదీనా బిళ్ల చప్పరించి, సగంలో ముక్కు వదలండి; ఎంత తేడా ఉందో ఆ క్షణంలో తెలిసిపోతుంది.

కారం, వగరులను మన భాషలో ఆరు రుచుల్లో చేర్చి చెప్పుకుంటాం. శరీరధర్మశాస్త్రం లెక్కించే ఐదు రుచులు తీపి, పులుపు, ఉప్పు, చేదు, 1908లో కికునే ఇకేడా గుర్తించిన ఉమామీ. కారం నాలుకకు రుచిగా కాక, మంటగా అందుతుంది. మిరపలోని క్యాప్సైసిన్ ఏ గ్రాహకాన్ని తట్టిలేపుతుందో 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. నోరు కాలే వేడిని పసిగట్టేది కూడా అదే గ్రాహకం. 2021లో ఆయనకు నోబెల్ బహుమతి రావడానికి ఈ పని ఒక కారణం. క్యాప్సైసిన్ నీటిలో కరగదు కాబట్టి నీళ్లు తాగితే మంట నోరంతా పాకడం తప్ప తగ్గదు. పాలలోని కేసిన్ అనే మాంసకృత్తు దాన్ని పట్టి తీసుకుపోతుంది. ఒక గుక్క చల్లని పాలు లేదా రెండు చెంచాల పెరుగు తీసుకుని రెండు నిమిషాలు ఆగండి.

అన్నింటికన్నా ముఖ్యమైనది వరుస. ఉప్పూ కారమూ తక్కువ ఉన్నవి ముందు, గాఢమైనవి తర్వాత, తీపి అన్నింటికన్నా చివర ఉండాలి. తీపి తిన్న వెంటనే పండు తింటే ఆ పండు పుల్లగా అనిపించడం అందరికీ తెలిసిందే; అలాంటి అన్యాయం ఏ వంటకానికీ జరగకూడదు. మధ్యమధ్యలో ఉత్త బ్రెడ్ ముక్క, గది వేడిలో ఉన్న మంచినీళ్లు చాలు. ఒక పూటకు నాలుగు వంటకాలు దాటవద్దు.

ప్రశ్న: మా వీధిలో మూడు బేకరీలు ఉన్నాయి. ఒక చోట ఓవెన్ నుంచి తీసిన బ్రెడ్ వేడివేడిగా ఇస్తారు, అద్భుతంగా ఉంటుంది. మర్నాటికి రాయిలా మారుతుంది. ఫ్రిజ్‌లో పెట్టినా అంతే. పాతది వేడిచేసి అమ్ముతున్నారేమోనని అనుమానం. కేకులు కూడా ఏది మంచి వెన్నతో చేశారో, ఏది చేయలేదో తెలుసుకోవడం ఎలా?
– బ్రెడ్ అంటే ప్రాణమైన ఒక గృహిణి

జవాబు: మీ అనుమానం తీర్చే ముందు ఫ్రిజ్ సంగతి చెప్పాలి. ఎంతోమంది మంచి బ్రెడ్‌ను తమ చేతులతో తామే పాడుచేసుకుని బేకరీని తిట్టడం చూసి నాకు బాధగా ఉంటుంది. తడి ఆరిపోవడం వల్లనే బ్రెడ్ గట్టిపడుతుందని మనం అనుకుంటాం. తేమ పోకుండా ఉంచినా బ్రెడ్ గట్టిపడుతుందని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త బూసాంగో 1852లోనే చూపించాడు. గట్టిపడిన బ్రెడ్‌ను మళ్లీ వేడిచేస్తే మెత్తబడుతుందని కూడా ఆయన చూపించాడు. జరిగేది ఇది: ఓవెన్‌లో నీటిని పీల్చుకుని ఉబ్బిన పిండిపదార్థం చల్లారాక మెల్లగా తిరిగి స్ఫటికాలుగా సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు గడ్డకట్టడానికి కొంచెం పైన ఉండే చల్లదనంలో, అంటే సరిగ్గా ఫ్రిజ్‌లో ఉండే చల్లదనంలో, అన్నింటికన్నా వేగంగా జరుగుతుంది. కాబట్టి రెండు రోజుల్లో తినేదాన్ని గుడ్డలోనో కాగితం సంచిలోనో చుట్టి బయట పెట్టండి. అంతకు మించినదాన్ని ముక్కలు కోసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, కావలసినప్పుడు నేరుగా వేడిచేసుకోండి.

వేడిచేస్తే తాత్కాలికంగా మెత్తబడుతుంది కనుకనే మీ అనుమానానికి కొంత ఆధారం ఉంది. అలా వేడిచేసిన పాత బ్రెడ్ చల్లారాక మొదటికన్నా త్వరగా, మరింత గట్టిగా బిగుస్తుంది. అయితే మర్నాటికి గట్టిపడినంత మాత్రాన మోసం జరిగిందని చెప్పలేం. నూనె, పాలు, చక్కెర చేరని ఉత్త పిండి, నీరు, ఉప్పు, ఈస్ట్‌లతో చేసిన బ్రెడ్ మర్నాటికి గట్టిపడటం సహజం. వారం రోజులైనా దూదిలా ఉండే బ్రెడ్‌లో మెత్తదనాన్ని నిలిపే పదార్థాలు కలిపి ఉంటారు. అది నేరం కాదు, కానీ ఆ రెండింటినీ ఒకే తక్కెడలో తూచకూడదు.

మరో మాట. వేడి బ్రెడ్‌తో బేకరీని అంచనా వేయవద్దు. పొయ్యిలోంచి తీసిన వాసన ఎంతటి లోపాన్నైనా కప్పేస్తుంది. పైగా అప్పటికి లోపలి భాగం ఇంకా కుదురుకోదు. కోస్తే కత్తికి జిగురులా అంటుకుంటుంది. పూర్తిగా చల్లారాక, కొన్న నాలుగైదు గంటలకు, వెన్న కానీ జామ్ కానీ రాయకుండా తినండి. ముందు బ్రెడ్‌ను తిరగేసి అడుగు భాగం చూడండి. అడుగు కూడా చక్కని గోధుమరంగులో ఉండి, వేలి కణుపుతో తడితే బోలుగా మోగాలి. పాలిపోయిన పైపెచ్చు ఉన్న బ్రెడ్‌కు రుచి ఉండదు. ఎందుకంటే పైపెచ్చుకు రంగునూ, వేయించిన గింజల్లాంటి కమ్మదనాన్నీ ఇచ్చే చర్య ఒక్కటే. 1912లో దాన్ని వివరించిన లూయీ కమీ మయ్యార్ పేరుతోనే ఆ చర్యను పిలుస్తారు. తర్వాత మధ్యలో ఒక ముక్క కోసి బొటనవేలితో నొక్కి వదలండి. మెల్లగా యథాస్థితికి వస్తే పిండిని బాగా పిసికి, సరిగ్గా కాల్చారన్నమాట. నొక్కిన గుంట అలాగే ఉండిపోతే లోపల పచ్చిగా ఉందన్నమాట. ఇక వాసన. ఘాటైన ఈస్ట్ వాసన మాత్రమే వస్తే తొందర తొందరగా పొంగించి ఉంటారు. గోధుమల తీపి, ఒక మెత్తని పులుపు కలిసి వస్తే పిండి తగినంత సేపు పులిసింది.

కేకు విషయంలో మీ అంగిలిని నమ్మండి. వెన్న దాదాపు 32 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది. నోటి వేడి అంతకన్నా ఎక్కువ కాబట్టి వెన్నతో చేసిన క్రీమ్ నాలుక మీద పెట్టగానే పూర్తిగా కరిగి మాయమవుతుంది. కరిగే వేడి ఎక్కువగా ఉండే గట్టి వనస్పతి కొవ్వులు నోట్లో పూర్తిగా కరగవు. మింగిన తర్వాత కూడా అంగిలికి మైనపు పొర పట్టినట్టు ఉంటుంది, గోరువెచ్చని నీళ్లు తాగితే కానీ వదలదు. సబ్బును తలపించే చేదు తగిలితే వంట సోడా ఎక్కువైందని అర్థం. అలంకరణ ఎంత బాగున్నా ముందు క్రీమ్ లేని సాదా కేకు ముక్క కొని చూడండి.

మూడు బేకరీల బ్రెడ్‌లో నిజంగా తేడా ఉందా, అలవాటు వల్ల అలా అనిపిస్తోందా అని తేల్చుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. రెండు బేకరీల బ్రెడ్ తీసుకుని, ఒకదానివి రెండు ముక్కలు, ఇంకోదానిది ఒక ముక్క, ఒకే పరిమాణంలో కోసి, వేరొకరి చేత పళ్లెంలో పెట్టించుకోండి. కళ్లు మూసుకుని తిని, మిగిలిన రెండింటితో కలవనిది ఏదో చెప్పండి. ఊహించి చెప్పినా మూడింట ఒకసారి సరిపోతుంది కాబట్టి ఐదారుసార్లయినా చేయాలి. ఆహార పరిశ్రమలో రుచి పరీక్షకులు వాడే త్రికోణ పరీక్ష ఇదే.

ప్రశ్న: ఉద్యోగాలతో అలసిపోయి, కూరగాయలు కోసి, కొలిచి, వంట పద్ధతి రాసిన కార్డుతో సహా ఇంటికి పంపే మీల్ కిట్లు తెప్పించుకోవాలనుకుంటున్నాం. మొదటి పెట్టెకు పెద్ద రాయితీ ఇస్తున్నారు. అన్ని ప్లాస్టిక్ ప్యాకెట్లు చూస్తే మనసు ఒప్పుకోవడం లేదు. ఏమి చూసి నిర్ణయించుకోవాలి?
– ఉద్యోగాలు చేసే ఒక దంపతులు

జవాబు: ఈ వ్యాపారం ఎక్కువ పాతది కాదు. 2007లో స్వీడన్‌లో మిడ్డాగ్స్‌ఫ్రిడ్ అనే సంస్థ మొదలుపెట్టిన పద్ధతి ఇది. 2011లో బెర్లిన్‌లో హలోఫ్రెష్, 2012లో అమెరికాలో బ్లూ ఏప్రన్ వచ్చాక ఇతర దేశాలకు విస్తరించింది. ఏ సంస్థ కిట్ అయినా పరీక్షించే తీరు ఒక్కటే, దాన్ని కాస్త వివరంగా చెబుతాను.

మొదటి కిట్‌కు మీకు వండటం బాగా వచ్చిన వంటకాన్నే ఎంచుకోండి. కొత్త వంటకం తెప్పించుకుంటే అది బాగా కుదరనప్పుడు లోపం సరుకుదో, కార్డుదో, మీ చెయ్యిదో తెలియదు. పెట్టె రాగానే మూత తీసి లోపలి ప్యాకెట్‌ను చేత్తో తాకండి. పాలు, మాంసం, చేపలు ఉన్న ప్యాకెట్లు ఫ్రిజ్‌లోంచి తీసినంత చల్లగా ఉండాలి. ఐస్ ప్యాక్ పూర్తిగా కరిగి, మాంసం ప్యాకెట్ గది వేడికి వచ్చి ఉంటే మొహమాటపడకుండా తిరస్కరించండి. ఆకుకూరల ప్యాకెట్‌ను వెలుతురుకు ఎత్తి చూడండి. ఆకుల మధ్య నీరు చేరి జారుడుగా కనిపిస్తే అవి కోసి చాలా రోజులయ్యాయన్నమాట. గాజు సీసాలు, గుడ్లు బరువైన వస్తువుల కింద ఉంటే సర్దినవారికి శ్రద్ధ లేదు.

తర్వాత గడియారం పెట్టుకుని వండండి. కార్డు మీద అరగంట అని ఉంటే, అది వంటల్లో చెయ్యి తిరిగిన మనిషి, గిన్నెలన్నీ ముందే సర్దుకుని, మధ్యలో ఎవరూ పిలవకుండా వండితే పట్టే సమయం కావచ్చు. ఉల్లిపాయలనే చూడండి. మెత్తబడటానికి ఏడెనిమిది నిమిషాలు చాలు, కానీ తేనెరంగుకు తిరిగి, అంచులు జిగురుగా మారి, తీపి వాసన వేయాలంటే సన్నని సెగ మీద అరగంటకు పైగా పడుతుంది. ఐదు నిమిషాల్లో ఉల్లిపాయలు గోధుమరంగుకు వస్తాయని రాసిన కార్డును వండి చూడకుండానే రాశారని నేను అనుకుంటాను. మంచి కార్డు నిమిషాలతో పాటు గుర్తులు కూడా చెబుతుంది: ఏ రంగు, ఏ చప్పుడు, గరిటెకు ఎంత అంటుకోవాలి అని. అలాంటి కార్డు ఉన్న కిట్ అయిపోయాక కూడా ఆ వంట మీకు మిగులుతుంది. నా దృష్టిలో కిట్‌కు పెట్టే డబ్బుకు అసలైన ఫలితం అదే.

ప్లాస్టిక్ గురించి మీ బాధ న్యాయమైనదే. అయితే లెక్కలో మరో పక్క కూడా ఉంది. 2019లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అమెరికాలో ఐదు రకాల భోజనాలను పోల్చి చూస్తే, దుకాణంలో సరుకు కొని వండిన భోజనం వల్ల వెలువడే గ్రీన్‌హౌస్ వాయువులు కిట్ భోజనం కన్నా సగటున 33 శాతం ఎక్కువని తేలింది. కిట్‌లో కొలిచి పంపడం వల్ల ఆహారం వృథా తగ్గడం అందుకు ముఖ్య కారణాల్లో ఒకటి. ఇంట్లో ఒక్క కాడ కూడా పారవేయకుండా వండుకునేవారికి ఆ లెక్క వర్తించకపోవచ్చు. ఒక వారం మీ ఇంట్లో పారవేసిన కూరగాయలూ అన్నమూ ఒక గిన్నెలోకి తీసి తూచి చూడండి, నిర్ణయం తేలికవుతుంది.

రాయితీ ఉన్న పెట్టెను చూసి నిర్ణయించవద్దు. పూర్తి ధర పెట్టి కొన్న మూడో పెట్టె అసలైనది. చందా దానంతట అదే కొనసాగుతుందా, ఒక వారం ఆపుకోవాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, పూర్తిగా మానుకోవడం ఎలా అన్నవి డబ్బు కట్టే ముందే చదవండి.

ప్రశ్న: నాలుగైదు చోట్ల నుంచి పార్సిల్ తెప్పించి రుచి చూశాక చాలా మిగిలిపోతుంది. మర్నాడు తినవచ్చా?
– మిగిలినది పారవేయలేని ఒక తల్లి

జవాబు: తినవచ్చు, కానీ గడియారం మొదలయ్యేది వంట గిన్నె పొయ్యి మీది నుంచి దిగిన క్షణం నుంచేనని, మీ చేతికి పార్సిల్ అందిన క్షణం నుంచి కాదని గుర్తుంచుకోండి. వండిన పదార్థాన్ని గది వేడిలో 2 గంటలకు మించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. కనుక పార్సిల్ రాగానే మీరు రుచి చూడబోయేది ఎంతో అంత వేరే పళ్లెంలోకి తీసుకుని, మిగిలినది వెంటనే లోతు తక్కువ ఉన్న డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు పొగలు కక్కేలా, లోపలి దాకా వేడిచేయండి. అన్నం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. రాత్రంతా బయట ఉన్న అన్నంలో బాసిలస్ సీరియస్ అనే సూక్ష్మజీవి వదిలే ఒక విషపదార్థం ఎంత వేడిచేసినా నశించదు. అలాంటి అన్నాన్ని, మనసు ఎంత ఒప్పుకోకపోయినా, పారవేయండి.

ప్రశ్న: మా ఎనిమిదేళ్ల బాబుకు నువ్వులు పడవు. ఒకసారి ఆసుపత్రి దాకా వెళ్లాం. కొత్త హోటల్‌కో బేకరీకో తీసుకువెళ్లాలంటే భయంగా ఉంది. ఏమని అడగాలి?
– భయం వీడని తండ్రి

జవాబు: మీ భయం అర్థం చేసుకోగలను, దాన్ని సరైన ప్రశ్నలుగా మార్చుకోండి. ‘ఇందులో నువ్వులు ఉన్నాయా’ అని అడిగితే, పైన చల్లినవి కనబడక లేవనే చెబుతారు. ‘నువ్వుల నూనె, నువ్వుల ముద్ద వాడే వంటకం మీ దగ్గర ఏదైనా ఉందా? దానికి వాడిన పెనం, గరిటె, నూనె దీనికి కూడా వాడతారా?’ అని అడగండి. జవాబు సర్వర్ దగ్గర ఆగకుండా వండేవారి దగ్గరికి వెళ్లి రావాలి. వారు తడబడినా, విసుక్కున్నా అక్కడ తినవద్దు. బేకరీలో ప్రమాదం ఎక్కువ. ఒకే బల్ల మీద, ఒకే ట్రేలో నువ్వులు చల్లిన బన్నులూ సాదా బన్నులూ తయారవుతాయి, ఒకే పట్టకారుతో తీస్తారు. ప్యాకెట్ మీద ముద్రించిన వివరాలు చదవడం తప్పనిసరి. ఐరోపా సమాఖ్య తప్పక ప్రకటించాలని నిర్దేశించిన 14 అలర్జీ కారకాల్లో నువ్వులు ఉన్నాయి. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి తొమ్మిదవదిగా చేరాయి. అన్నిచోట్లా చట్టం ఒకేలా లేదు కాబట్టి, పేరు కనబడనంత మాత్రాన లేవని అనుకోవద్దు. వైద్యులు రాసిచ్చిన మందు ఎప్పుడూ వెంట ఉండాలి. కొంచెం రుచి చూస్తే ఏమీ కాదులే అని ఎవరన్నా, బాబు చేత రుచి చూపించవద్దు.

ప్రశ్న: నేను తిన్న చోట్ల గురించి స్నేహితులకు రాసి పంపుతుంటాను. ఈ మధ్య ఒక హోటల్ యజమాని గుర్తుపట్టి భోజనం ఉచితంగా పెట్టాడు. వద్దనలేకపోయాను. అక్కడ వంట నాకు నచ్చలేదు. ఇప్పుడు ఏమి రాయాలి?
– ఇబ్బందిలో పడిన పాఠకుడు

జవాబు: ఉచితంగా తిన్నానని మొదటి వాక్యంలోనే రాయండి, లేదా ఆ పూట గురించి ఏమీ రాయకండి. ఇంకో రోజు, మీ పేరు చెప్పకుండా, బిల్లు కట్టి తిన్నాక రాయడం అన్నింటికన్నా మంచిది. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు. కాబట్టి నచ్చకపోవడం వేరు, చెడిపోవడం వేరని రాతలో స్పష్టంగా కనబడాలి. ‘సాస్‌లో పులుపు నాకు ఎక్కువనిపించింది’ అనేది మీ నాలుక మాట. ‘చేప మధ్యలో పచ్చిగా ఉంది’ అనేది ఎవరు తిన్నా మారని నిజం. ఏ రోజు, ఏ వేళ, ఎన్నిసార్లు వెళ్లారో, ఏమేమి తిన్నారో రాస్తే చదివేవారు తమంతట తాము బేరీజు వేసుకుంటారు.

ఈ విషయంలో నేను చేసిన ఒక తప్పు చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక బేకరీలో వెన్న కేకు కొని, రాత్రి మూత లేని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టాను. మర్నాడు తింటే ఏదో పచ్చి ఘాటు వాసన. ఆ బేకరీ వెన్న మంచిది కాదని నలుగురికి చెప్పాను. వారం తర్వాత ఫ్రిజ్ శుభ్రం చేస్తుంటే, ఆ డబ్బా పెట్టిన అరలోనే సగం కోసిన ఉల్లిపాయ ఒకటి దొరికింది. వెన్న పక్కనున్న వాసనను ఇట్టే పీల్చుకుంటుంది. మళ్లీ అదే కేకు కొని, కొన్న గంటలోనే తిన్నాను. దానిలో ఏ దోషమూ లేదు. మొదట చెప్పిన నలుగురికీ ఫోన్ చేసి జరిగింది చెప్పాను. వారిలో ఇద్దరు అప్పటికే ఆ బేకరీకి వెళ్లడం మానేశారు.